ఫోర్జ్‌డ్ ఐరన్లా, కాస్ట్ ఐరన్లా? బెంగళూరులో సెట్ మార్చాలనుకునేవాళ్ల కోసం

బెంగళూరులో గోల్ఫ్ మొదలుపెట్టి రెండు మూడేళ్లయిన మనవాళ్లలో ఎవరిని కదిపినా మాట చివరికి ఐరన్ల దగ్గరికే, అంటే అంకెలు వేసిన లోహపు తల క్లబ్బుల దగ్గరికే వస్తుంది. కోచింగ్‌లో చేరినప్పుడు కొన్న సెట్ పాతబడింది, స్వింగ్ ఒక దారిన పడింది, చేతిలో బోనస్ డబ్బులున్నాయి. ఇప్పుడు ఫోర్జ్‌డ్ (ఉక్కును మోది చేసినవి) కొనాలా, కాస్ట్ (కరిగించి పోత పోసినవి) కొనాలా? ఈ ప్రశ్న వెనక ఒక గట్టి నమ్మకం ఉంటుంది. ఫోర్జ్‌డ్ అంటే అసలైన ఆటగాళ్ల సామాను, కాస్ట్ అంటే ఇంకా నేర్చుకుంటున్నవాళ్లదీ డబ్బు తక్కువున్నవాళ్లదీ అని. ఆ నమ్మకంతో లక్షకు పైగా పోసి కొన్న సెట్లు కొత్తదనం పోకముందే వాట్సాప్ గ్రూపుల్లో అమ్మకానికి రావడం చూస్తుంటే బాధగా ఉంటుంది. ఆ డబ్బుతో ఎన్ని పాఠాలు నేర్చుకోవచ్చు, ఎన్ని రౌండ్లు ఆడుకోవచ్చు!

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదట చూడాల్సింది క్లబ్ హెడ్ ఎలా తయారైందని కాదు, ఏ ఆకారంలో ఉందని. బంతి మీ క్లబ్ ఫేస్ (బంతిని తాకే ముందు భాగం) మీద ఎక్కడెక్కడ తగులుతోందో తేలితే ఆకారం తేలుతుంది. ఆకారం తేలాక ఫోర్జ్‌డా కాస్టా అన్నది చాలామందికి దానంతటదే తేలిపోతుంది. ఫోర్జ్‌డ్ నిజంగానే మేలైన చోట్లు ఉన్నాయి. అయితే అవి దుకాణంలో మొదట చెప్పే చోట్లు కావు.

తయారీలో తేడా ఎక్కడ

ఫోర్జ్‌డ్ హెడ్ మామూలుగా మెత్తని కార్బన్ స్టీల్‌తో మొదలవుతుంది. 1020, 1025 అని రాసి ఉంటే అది ఉక్కు రకం. చివరి రెండు అంకెలు కార్బన్ ఎంతో చెబుతాయి, 1025 అంటే దాదాపు 0.25 శాతం. ఆ ఉక్కు కడ్డీ ముక్కను సుమారు 1,200 డిగ్రీల సెల్సియస్ దాకా ఎర్రగా కాల్చి, అచ్చుల మధ్య పెట్టి భారీ ప్రెస్‌తో మోదుతారు. ఒక్క దెబ్బతో పని కాదు. అంచుల వెంట పొంగిన లోహాన్ని కత్తిరిస్తారు, మళ్లీ మోదుతారు, సానపడతారు, ఫేస్ మీద గ్రూవులు (సన్నని గాడులు) తీస్తారు, తుప్పు పట్టకుండా పైన క్రోమ్ పూత వేస్తారు. జపాన్‌లో హిమేజీ, హిరోషిమా ఈ పనికి పేరున్న ఊళ్లు. మియురా వాళ్లది హిమేజీ. మిజునో వాళ్లు హిరోషిమాలో ఒకే కడ్డీ ముక్కలోంచి హెడ్‌నీ, షాఫ్ట్ (క్లబ్ కాడ) దిగే హోసెల్‌నీ కలిపి సాగదీస్తారు. దాన్నే గ్రెయిన్ ఫ్లో ఫోర్జింగ్ అంటారు.

కాస్ట్ హెడ్‌కి ముందు మైనంతో అదే ఆకారంలో నమూనా చేస్తారు. దాన్ని పింగాణీ ముద్దలో ముంచి ఆరబెడుతూ పొర మీద పొర కట్టిస్తారు. వేడి చేస్తే మైనం కరిగి కారిపోతుంది, ఖాళీ అయిన పెంకులోకి కరిగిన స్టెయిన్‌లెస్ స్టీల్ పోస్తారు, చల్లారాక పెంకు పగలగొడతారు. ఆదిలాబాద్ ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు పోసేది కూడా ఈ మూలసూత్రం మీదే, అక్కడ ఇత్తడి, ఇక్కడ ఉక్కు. ఆ బొమ్మల్లో ఎంత సన్నని పనితనం పడుతుందో చూసినవాళ్లకు కాస్టింగ్‌ని నాసిరకం పద్ధతి అనడానికి నోరు రాదు. వెనక లోతైన గుంత, పల్చని గోడలు, బరువంతా అంచులకూ అడుగుకూ నెట్టడం, ఇవన్నీ పోతలో తేలిక. మోది చేసే పద్ధతిలో అవి కష్టం, చేయాలంటే తర్వాత మిల్లింగ్, వెల్డింగ్ కావాలి.

గోల్ఫ్ చరిత్రలో ఈ తేడాను బాగా వాడుకున్నవాడు కార్‌స్టెన్ సోల్‌హీమ్. నార్వేలో పుట్టి, జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా చేసి, 1959లో పింగ్ కంపెనీ పెట్టాడు. హెడ్ మధ్యలో ఉన్న బరువును చుట్టూ అంచులకు జరిపితే, బంతి మధ్యలో తగలకపోయినా హెడ్ తక్కువ మెలి తిరుగుతుందని ఆయన పట్టుబట్టాడు. 1982లో వచ్చిన పింగ్ ఐ2 ఆ ఆలోచనకు పరాకాష్ఠ. అది 17-4 స్టెయిన్‌లెస్ స్టీల్‌తో పోసిన ఐరన్, అంటే సుమారు 17 శాతం క్రోమియం, 4 శాతం నికెల్. ప్రొఫెషనల్ ఆటగాళ్లు కాస్ట్ ముట్టరన్న మాట ఇంకా వినిపిస్తూ ఉంటుంది. అమెరికా ఆటగాడు బుబ్బా వాట్సన్ 2012లో, 2014లో మాస్టర్స్ టోర్నీ గెలిచినప్పుడు బ్యాగులో ఉన్నవి పింగ్ ఎస్59, ఎస్55 ఐరన్లు. రెండూ కాస్టే.

మెత్తదనం గురించి

ఫోర్జ్‌డ్ కొనేవాళ్లలో పదిమందిని అడిగితే తొమ్మిదిమంది చెప్పే కారణం ఫీల్. మధ్యలో తగిలితే చేతికి ఏమీ తెలియనట్టు మెత్తగా ఉంటుందంటారు. ఆ అనుభూతి అబద్ధం కాదు, నేనూ దాన్ని ఇష్టపడతాను. అయితే అది ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకుంటే కొనే పద్ధతే మారుతుంది.

ఉక్కు గట్టిదనంలో రెండు సంగతులున్నాయి. గీతలు, సొట్టలు పడకుండా ఎంత తట్టుకుంటుందన్నది ఒకటి. వంగబోతే ఎంత బిగువుగా ఎదురు నిలుస్తుందన్నది రెండోది. 1025కీ 17-4కీ మొదటి దాంట్లో చాలా తేడా ఉంది, రెండో దాంట్లో దాదాపు లేదు. బంతి తగిలినప్పుడు లెక్కలోకి వచ్చేది రెండోదే. తాకిడిలో నలిగేది బంతి, ఉక్కు కాదు. బంతి ఫేస్‌కి అంటుకుని ఉండే సమయం సెకనులో సుమారు రెండువేలవ వంతు. ఆ కంపనం షాఫ్ట్ మీదుగా చేతిదాకా వచ్చి మెదడుకు తెలిసేలోపు బంతి గాలిలో ఉంటుంది. మనం ఫీల్ అనుకునేదాంట్లో పెద్ద భాగం చప్పుడు. తగిలిన చోట వెనక లోహం మందంగా ఉంటే చప్పుడు తగ్గుస్థాయిలో పొట్టిగా వచ్చి ఆగిపోతుంది. ఫేస్ పల్చగా, వెనక డొల్లగా ఉంటే పైస్థాయిలో మోగుతుంది. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని రెండు రకాలూ కొట్టి చూడండి, మెత్తదనంలో తేడా ఎంత తగ్గిపోతుందో మీకే తెలుస్తుంది.

అందుకే మందంగా పోసిన కాస్ట్ ఐరన్ మెత్తగా అనిపించవచ్చు. పింగ్ ఐ230 లాంటిది 431 స్టెయిన్‌లెస్‌తో పోసిన కాస్ట్, ఫేస్ వెనక మెత్తని పదార్థం పెట్టి చప్పుడును అణిచారు. మరోవైపు, పేరు పక్కన ఫోర్జ్‌డ్ అని ఉన్నా హెడ్ లోపల డొల్లగా ఉండి ఫేస్ పల్చగా ఉంటే పాతకాలపు బ్లేడ్ (వెనక గుంత లేని చిన్న నిండు హెడ్) ఫీల్ రాదు. టేలర్‌మేడ్ పి790 ఆ తరహాది. మంచి క్లబ్బే, చాలామందికి నప్పుతుంది కూడా, కానీ అది దూరం కోసం కట్టిన క్లబ్. ఒకే 8620 ఉక్కుని కొందరు పోత పోస్తారు, కొందరు మోది చేస్తారు. పింగ్ బ్లూప్రింట్ ఐరన్లు ఆ 8620నే ఫోర్జ్ చేసి తీసినవి. కాబట్టి దుకాణంలో ఫోర్జ్‌డ్ అన్న అక్షరాలు చూసి ఆగిపోకండి. ఏ ఉక్కు, ఫేస్ వెనక ఎంత మందం, లోపల నిండుగా ఉందా డొల్లగా ఉందా, ఈ మూడూ అడగండి.

ఫీల్ విషయంలో నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి ఉంది. బ్లేడ్ లాంటి నిండు హెడ్ బంతి ఎక్కడ తగిలిందో దాచకుండా చెబుతుంది. కొనవైపు తగిలితే చేతికి తెలిసిపోతుంది. వారంలో నాలుగు రోజులు ప్రాక్టీస్ చేసేవాళ్లకు ఆ కబురు చాలా విలువైనది, వాళ్లు మర్నాడే దాన్ని సరిదిద్దుకుంటారు. ఆదివారం పొద్దున ఒక్క రౌండ్ ఆడి, మళ్లీ వచ్చే ఆదివారమే క్లబ్ పట్టేవాళ్లకు ఆ కబురుతో పనేముంది? వాళ్లకు కావాల్సింది ఆ తప్పు బంతిని బంకర్‌లోకి కాకుండా గ్రీన్ అంచుదాకా చేర్చే హెడ్.

ఫేస్‌ని చదవడం

మా గ్రూపులో ఒక తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో ఫోర్జ్‌డ్ మజిల్ బ్యాక్ (బ్లేడ్ తరహా) సెట్ తెచ్చుకున్నాడు. కొంతకాలం ఆడాక దూరాలు నిలకడగా రావడం లేదని దిగులు. ఆ రోజు మాతో ఉన్న క్యాడీ చిత్తూరు వైపు మనిషి, సగం తెలుగు సగం కన్నడ కలిపి మాట్లాడతాడు. "ఒక్క నిమిషం సార్" అని 7 ఐరన్ తీసుకున్నాడు. తడి తువ్వాలు కొనతో గ్రూవుల్లో మట్టి తుడిచాడు, ఫేస్‌ని ఎండకు ఏటవాలుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. ఫేస్ మధ్యలో క్రోమ్ మెరుస్తోంది. హోసెల్‌కి దూరంగా కొనవైపు మాత్రం మసకబారిన మచ్చ, బంతి రాసుకుని రాసుకుని గరుకెక్కిన చోటు. ఆ మచ్చ గుండ్రంగా కూడా లేదు, కింది గ్రూవుల మీద అడ్డంగా సాగి ఉంది. "ఇక్కడ తగుల్తా ఉంది సార్, క్లబ్ తప్పేం లేదు" అన్నాడు. ఆ మచ్చ పాత యజమానిది కాదా అని నేను అడిగితే, తమ్ముడి బ్యాగులోంచి తమ్ముడే మొదటినుంచీ వాడిన వెడ్జ్ (గ్రీన్ దగ్గర పొట్టి దెబ్బలకు వాడే క్లబ్) తీసి అదీ పట్టి చూపించాడు. అదే చోట, అదే మచ్చ.

ఈ పరీక్ష మీరూ చేసుకోవచ్చు. బోర్డు మీద రాసే మార్కర్‌తో బంతి వెనక ఒక చుక్క పెట్టి, ఆ చుక్క ఫేస్‌కి ఎదురుగా ఉండేలా బంతి పెట్టి కొట్టండి. చుక్క ఫేస్ మీద అచ్చు పడుతుంది. ఒక్కో బంతికీ ఫొటో తీసి తుడిచేయండి. 7 ఐరన్‌తో పదిహేను, 5 ఐరన్‌తో పదిహేను కొడితే చాలు. కుదిరితే గడ్డి మీదనుంచే కొట్టండి. మ్యాట్ మీద క్లబ్ బంతికి ముందే నేల తగిలినా జారి వెళ్లిపోతుంది, తప్పు కనపడదు.

అచ్చుల్లో ఎక్కువ భాగం మధ్యలో ఒక రూపాయి బిళ్ల కింద దాగిపోతే మీకు చిన్న హెడ్ ఫర్వాలేదు, ఫోర్జ్‌డ్ గురించి ధైర్యంగా ఆలోచించండి. మధ్యనుంచి కొన దాకానో హోసెల్ దాకానో అడ్డంగా పరుచుకుని ఉంటే వెడల్పాటి క్యావిటీ బ్యాక్ (వెనక గుంత ఉన్న హెడ్) కావాలి, అది చాలావరకు కాస్టే అవుతుంది. అడ్డంగా కాక అన్నీ కింది గ్రూవుల మీదే పడుతుంటే బరువు అడుగున ఉండి, సోల్ (హెడ్ అడుగు) కాస్త వెడల్పుగా ఉన్న హెడ్ బంతిని పైకి లేపుతుంది. 7 ఐరన్ అచ్చులు బాగుండి 5 ఐరన్‌వి చెల్లాచెదురైతే, అది చాలామంది సంగతే, దానికి మందు చివర్లో చెబుతాను.

ఫోర్జ్‌డ్ నిజంగా గెలిచే చోటు

ఆ చోటు హోసెల్ వంచడం. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, మనవాళ్లకు ఇదే అన్నిటికన్నా పెద్దది కావచ్చు.

ఐరన్ నేల మీద ఆనినప్పుడు షాఫ్ట్ ఎంత వాలుగా ఉందన్నది లై యాంగిల్. దుకాణంలో సిద్ధంగా దొరికే సెట్ లై ఒక సగటు ఎత్తునూ ఒక సగటు స్వింగ్‌నూ ఊహించి పెట్టింది. ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి అది చాలాసార్లు నిటారుగా అవుతుంది. అప్పుడు హెడ్ మడమ (హోసెల్ వైపు భాగం) నేలకు తగిలి కొన పైకి లేస్తుంది, కుడిచేతి ఆటగాడి బంతి ఎడమకు పోతుంది. 7 ఐరన్‌తో ఒక డిగ్రీ తేడాకు బంతి సుమారు మూడు నాలుగు గజాలు పక్కకు పోతుంది. రెండు డిగ్రీలు తప్పు ఉంటే చక్కటి స్వింగ్ కూడా గ్రీన్ అంచున పడుతుంది. ఆ మనిషి తన స్వింగ్‌నే అనుమానించి, బంతి ఎడమకు పోకుండా చేతులు పట్టేసుకుని, లేని రోగం తెచ్చుకుంటాడు. ఇది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

1020, 1025 లాంటి మెత్తని కార్బన్ స్టీల్‌ని లై మెషీన్‌లో పెట్టి మూడు నాలుగు డిగ్రీలు నిశ్చింతగా వంచొచ్చు. 431 కాస్ట్ కూడా రెండు డిగ్రీల దాకా మాట వింటుంది. 17-4 మొండిది, ఒకటి రెండు డిగ్రీలకే చాలా బలం కావాలి, బలవంతపెడితే హోసెల్ పగిలే ప్రమాదం ఉంది. మీ కొలత సగటుకు దూరంగా ఉండి, కొత్త సెట్ ఆర్డర్ పెట్టే వీలు లేక షెల్ఫ్ మీదిదో సెకండ్ హ్యాండ్‌దో కొంటుంటే ఫోర్జ్‌డ్‌కి ఇది బలమైన కారణం. కాస్ట్‌లో దీనికి దారి ఫ్యాక్టరీ నుంచే మీ లైతో తెప్పించుకోవడం. పింగ్ వాళ్లు హోసెల్ దగ్గర రంగు చుక్కలతో ఇది గుర్తు పెడతారు: నలుపు ప్రామాణికం, నీలం నిటారు వైపు, ఎరుపు వాలు వైపు. సెకండ్ హ్యాండ్ పింగ్ కొనేటప్పుడు ముందు ఆ చుక్క చూడండి.

వంగే గుణానికి రెండో వైపు కూడా ఉంది. మన ఊళ్లో ప్రాక్టీస్‌లో పెద్ద భాగం సిమెంటు మీద పరిచిన మ్యాట్ల పైనే. మెత్తని ఫోర్జ్‌డ్ ఐరన్లను వాటిమీద వారం వారం బాదితే లాఫ్టూ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) లైయూ కొద్దికొద్దిగా కదులుతాయి. ఏడాదికోసారి కొలిపించుకోండి. 17-4కి ఆ బెంగ చాలా తక్కువ.

లాంచ్ మానిటర్ ముందు జాగ్రత్త

బంతి దూరం, కోణం కొలిచే లాంచ్ మానిటర్ ఉన్న ఇండోర్ బేలో రెండు 7 ఐరన్లు చేతికిస్తారు. ఒకటి ఫోర్జ్‌డ్ 140 గజాలు పోతుంది, మరొకటి పెద్ద కాస్ట్ 155 పోతుంది. పదిహేను గజాలు ఊరికే వచ్చినట్టు అనిపిస్తుంది. రెండిటి లాఫ్ట్ చూడండి. టైటిలిస్ట్ టి100 7 ఐరన్ 34 డిగ్రీలు, పింగ్ జి430 7 ఐరన్ 29 డిగ్రీలు. ఐదు డిగ్రీలంటే ఒక క్లబ్ తేడా దాటిపోయింది. అడుగున రాసిన అంకె ఒకటే అయినా మీరు పోల్చింది 7నీ, దాదాపు 6నీ. పల్చని ఫేస్ వల్ల కొంత వేగం నిజంగానే కలిసొస్తుంది, కాదనను, కానీ పదిహేనులో ఎక్కువ వాటా లాఫ్ట్‌దే.

అదే లెక్క సెట్ చివరిదాకా పాకుతుంది. జి430లో పిచింగ్ వెడ్జ్ 41 డిగ్రీలు, టి100లో 46. మీ శాండ్ వెడ్జ్ 56 అయితే 41కీ 56కీ మధ్య గుంతను పూడ్చడానికి ఇంకొక వెడ్జ్, ఒక్కోసారి రెండు కొనాలి. ధర పోల్చేటప్పుడు దాన్నీ కలపండి. బ్యాగులో 14 క్లబ్బులే పట్టాలన్న నిబంధన ఉండనే ఉంది.

స్క్రీన్ మీద గరిష్ఠ దూరం పక్కన పెట్టి రెండు అంకెలు చూడండి. మంచివీ చెడ్డవీ కలిపి కొట్టిన బంతుల్లో అన్నిటికన్నా దగ్గర పడ్డదానికీ దూరం పడ్డదానికీ ఎంత ఎడం ఉంది? బంతి ఎంత నిటారుగా దిగుతోంది? దిగే కోణం 45 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే గ్రీన్ మీద ఆగుతుంది, 38, 39 ఉంటే పడి దొర్లిపోతుంది. హెడ్ ఏదైనా ఈ రెండూ బాగున్నదే మీది.

ఇంకో మాట. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి కాస్త పలుచన. ఇక్కడ 150 గజాలు పోయే 7 ఐరన్ చెన్నైలోనో, విశాఖ ఈస్ట్ పాయింట్‌లోనో నాలుగైదు గజాలు తక్కువ పోతుంది. సెలవులకు ఊరెళ్లి ఆడి, కొత్త ఐరన్లు పాడయ్యాయని కంగారు పడకండి.

మన నేల, మన గడ్డి

హైగ్రౌండ్స్‌లో 1876 నాటి బెంగళూరు గోల్ఫ్ క్లబ్ అయినా, పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో కేజీఏ (కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్) అయినా, బిడది ఈగిల్టన్ అయినా, నంది కొండల దారిలో గోల్ఫ్‌షైర్ అయినా గడ్డి కింద ఉన్నది ఎర్రమట్టే. ఫిబ్రవరి నుంచి మొదటి జల్లులదాకా నీళ్లు అందని చోట అది గట్టిపడుతుంది. మరీ వెడల్పు సోల్ అప్పుడు నేల మీద ఎగిరి బంతి నడుము మీద తగులుతుంది. వానాకాలంలో అదే నేల మెత్తబడి సన్నని సోల్‌ని మింగేస్తుంది. రెండు కాలాలూ ఆడేవాళ్లకు మధ్యస్థమైన సోల్, ముందు అంచు కాస్త గుండ్రంగా అరగదీసినది మేలు. ఇది ఫోర్జ్‌డ్‌లోనూ కాస్ట్‌లోనూ దొరుకుతుంది.

ఫెయిర్‌వే దాటి చెట్ల కిందికి వెళ్తే మొరం రాళ్లు. మెత్తని ఫోర్జ్‌డ్ సోల్ మీద ఒక్క రౌండ్‌లోనే గాట్లు పడతాయి. ఆటకు నష్టం లేదు గానీ అమ్మేటప్పుడు ధర తగ్గుతుంది. గ్రూవుల అంచులు కూడా కార్బన్ స్టీల్‌లో త్వరగా అరుగుతాయి. చెన్నైలో ఆడేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. అక్కడి ఉప్పుగాలికి క్రోమ్ లేచిన చోటల్లా తుప్పు పడుతుంది, పూత లేని రా ఫినిష్ ఐరన్లు వారంలో ఎర్రబడతాయి. తడి తువ్వాలుతో కలిపి బ్యాగుని కారు డిక్కీలో వదిలేయకండి.

కొనే దారులు

మనింట్లో ఎవరో ఒకరు అమెరికాలో ఉంటారు, వస్తూ సెట్ పట్టుకొస్తారు. ధర కలిసొస్తుంది నిజమే. కానీ ఫోన్‌లో "బావా, ఏదో ఒక మంచి ఫోర్జ్‌డ్ సెట్ తెచ్చిపెట్టు" అనకండి. "బావా, నా కొలతలు పంపుతున్నా, షాఫ్ట్ ఇది, పొడవు ఇది, లై ఇది, ఇలాగే చేయించి తే" అనండి. ముందు ఇక్కడే డబ్బు కట్టి ఫిట్టింగ్ (మీకు నప్పే క్లబ్ కొలతలు తీయించడం) చేయించుకుని కాగితం చేతిలో పెట్టుకోండి. అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో కూడా కనుక్కోండి.

షాఫ్ట్ సంగతి ఎంత చెప్పినా తక్కువే. ఫోర్జ్‌డ్ ప్లేయర్స్ సెట్లు చాలాసార్లు డైనమిక్ గోల్డ్ లాంటి 130 గ్రాముల చుట్టుపక్కల స్టీల్ షాఫ్ట్‌తో వస్తాయి. 95 గ్రాముల చుట్టుపక్కల నిప్పాన్ 950తో, ఇంకా తేలికైన గ్రాఫైట్‌తో హాయిగా ఆడే మనిషి ఆ బరువుతో పన్నెండో హోల్‌కి అలసిపోతాడు. హెడ్ ఎలా తయారైందన్న తేడా కన్నా ఈ ముప్పై గ్రాముల తేడా మీ స్కోర్ మీద ఎక్కువ కనిపిస్తుంది. బలం లేకపోతే ఆట లేదనుకోవద్దు. ఈ బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో డ్రైవింగ్ దూరంలో బాగా వెనకబడి ఉండి కూడా నాలుగో స్థానంలో నిలిచింది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఒక మాట వినిపిస్తుంది: అయస్కాంతం అంటుకుంటే ఫోర్జ్‌డ్ అని. నమ్మకండి. 17-4, 431 రెండూ అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ రకాలే. హెడ్ మీది సీరియల్ నంబరు, గ్రూవుల అంచులు, హోసెల్ దగ్గర వంచిన గుర్తులు చూడండి. 17-4 హెడ్ హోసెల్ మీద సన్నని గీతలాంటి చీలిక కనిపిస్తే ధర ఎంతైనా వదిలేయండి.

ఎవరికి ఏది

ఇంకా 90 దాటి స్కోరు చేస్తున్నవాళ్లకు, అచ్చులు ఫేస్ అంతా పరుచుకున్నవాళ్లకు నా సలహా మారదు: కాస్ట్ క్యావిటీ బ్యాక్, మీ లైతో, తేలికపాటి షాఫ్ట్‌తో. మిగిలిన డబ్బు కోచ్‌కి. దీంట్లో చిన్నతనం ఏమీ లేదు, క్లబ్ హెడ్ ఎలా తయారైందో స్కోర్ కార్డు మీద ఎవరూ రాయరు. హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మేలు) పది లోపు ఉండి, వారానికి మూడు నాలుగు సార్లు బంతి కొట్టే తీరిక ఉండి, గాలికి కిందగా ఒకటి, పిన్‌కి ఎడమనుంచి ఒకటి అని రకరకాలుగా కొట్టాలని తపించేవాళ్లు ఫోర్జ్‌డ్ క్యావిటీ బ్యాక్ తీసుకోండి. ఆ ఆనందం మీరు కష్టపడి సంపాదించుకున్నది. పూర్తి బ్లేడ్ మాత్రం ఒకే అంకె హ్యాండిక్యాప్‌లో కూడా అందరికీ అక్కర్లేదు.

మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువమంది, హ్యాండిక్యాప్ పది నుంచి పద్దెనిమిది దాకా. 7 ఐరన్ అచ్చులు బాగుండి 5 చెదిరిపోతోందని పైన అన్నది వీళ్ల గురించే. వీళ్లకు కలిపిన సెట్ చక్కగా నప్పుతుంది. 8, 9, పిచింగ్ వెడ్జ్ చిన్న ఫోర్జ్‌డ్ హెడ్లు, 6, 7 క్యావిటీ బ్యాక్ కాస్టో, కాస్త పెద్ద ఫోర్జ్‌డో, 4, 5 స్థానంలో హైబ్రిడ్లు (ఐరన్‌కీ వుడ్‌కీ మధ్యరకం క్లబ్బులు). గ్రీన్ దగ్గర మెత్తని చప్పుడూ అదుపూ ఉంటాయి, దూరాల్లో తప్పును క్షమించే హెడ్ ఉంటుంది. కలిపేటప్పుడు అంకెలు నమ్మకుండా లాఫ్ట్‌లు రాసుకుని, ఒక్కో క్లబ్‌కి నాలుగు డిగ్రీల చుట్టుపక్కల ఎడం ఉండేలా వంచించుకోండి. ఈ పనికి ఫోర్జ్‌డ్ హెడ్లు సులువుగా లొంగుతాయి, కాబట్టి సవరించేది వాటినే.

అప్పటికీ తేలకపోతే రెండు సెట్లూ కొనే ఆలోచన మానుకుని, రెండు రకాల డెమో 7 ఐరన్లు అడిగి తీసుకోండి. మ్యాట్ మీద కాదు, కోర్సు మీద, వారం మధ్యలో రద్దీ లేనప్పుడు, ఒకే చోటనుంచి రెండిటితో ఒక్కో బంతి కొడుతూ తొమ్మిది హోల్స్ ఆడండి. రెండిటికీ షాఫ్ట్, గ్రిప్ ఒకటే ఉండేలా ముందే చూసుకోండి, లేకపోతే తేడా వచ్చింది హెడ్ వల్లో షాఫ్ట్ వల్లో తెలియదు. ఏ బంతి ఎక్కడ పడిందో మీరు రాసుకోకుండా క్యాడీ చేత రాయించండి.